కప్పు ఖాళీ అయ్యేదాకా

పితలితో పట్నం,
గురువారం.

నాన్నా,

ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఉత్తరం రాస్తున్నాను. కాఫీ పోసుకుని, కూర్చుని చదువు. ఇది కాల్సోన్ కితాదో మాట, ఏ దాపరికమూ లేని మాట.

చిన్నప్పుడు నువ్వు ఆ మాట అన్నప్పుడల్లా పడీపడీ నవ్వేదాన్ని, లాగు విప్పేసి మాట్లాడటమేమిటని. మన ఇంట్లో దానికో పద్ధతి ఉండేది. ఆ మాట అన్నవాళ్లే కాఫీ పోయాలి. విన్నవాళ్లు కప్పు ఖాళీ అయ్యేదాకా లేవకూడదు, కోప్పడకూడదు. ఇక్కడ మా సహకార సంఘంలో ఆ మాట రోజుకి పదిసార్లు వినపడుతుంది. ఎవణ్ణయినా నాలుగు తిట్టాలంటే ముందు అదే అంటారు. అమ్మ ఏమనేదో గుర్తుందా? "విప్పాల్సింది నీ లాగు యొలీమా, పక్కవాళ్లది కాదు." అందుకే నా సంగతే చెబుతున్నాను.

పోయిన వారం నేను రుచి చూసి మార్కులు వేసే బల్ల మీద పదిహేను కప్పులున్నాయి. పేర్లుండవు, నంబర్లే. ఏడో కప్పులోది చెంచాతో జుర్రగానే వెనిగర్ పులుపు తగిలింది. గింజల జిగురు వదలడానికి వేసే తొట్టిలో ఎక్కువసేపు ఉండి పులిసిపోయిన కాఫీ. దాని వెనకే సన్నగా నారింజ తొక్క వాసన తగిలింది. ఆ వాసన మన తోట కాఫీకి తప్ప ఇంకెవరిదానికీ రాదు. ఎనభైకి తగ్గితే బస్తాలు వెనక్కి పంపేయాలి, డెబ్బై ఆరు మార్కులు వెయ్యాల్సిన చోట ఎనభై ఆరు వేశాను. అమ్మ చనిపోయిన ఏడాదే నీ కాఫీని వెనక్కి పంపడానికి నాకు చెయ్యి రాలేదు.

మంగళవారం నీ బస్తాలను మన కొండ మీది పద్నాలుగు ఇళ్ల కాఫీతో కలిపేస్తారు. బుధవారం కొనేవాళ్లు వచ్చి రుచి చూస్తారు. అందరి కష్టమూ నా మూలంగా గంగలో కలుస్తుంది. సోమవారం ఎనిమిదింటికి మా సంఘం పెద్దాయన దోన్ హెర్మినుల్‌కి నిజం చెప్పేస్తాను. ఉద్యోగం ఊడితే ఊడనీ. నలుగురిలో నీకు తలవంపులు తెస్తున్నానన్నదే నా బాధ.

నీ కూతురు,
యొలీమా

*

ఇంటి దగ్గర,
ఆదివారం.

యొలీమా తల్లీ,

నీ ఉత్తరం జీపు డ్రైవరు నిన్న తెచ్చిచ్చాడు. చెప్పినట్టే కాఫీ పోసుకుని కూర్చున్నాను. కప్పు ఖాళీ అయ్యేదాకా లేవలేదు. కానీ ఆ కాఫీ నాకు వేన్నీళ్లలాగే ఉంది.

ఇక నా వంతు. జనవరిలో జ్వరమొచ్చింది చూడు, అప్పటినుంచీ నాకు వాసన తెలియడం లేదు. మీ అమ్మ బట్టల పెట్టెలో మొహం పెట్టి చూశాను. ఏమీ తెలియలేదు. ఆరోజు బాగా ఏడ్చాను. కాఫీవాడికి ముక్కు పోయిందని ఎవరితో చెప్పుకోను? తొట్టి దగ్గర నిలబడి వాసన తెలిసినట్టే తల ఆడిస్తూ వచ్చాను.

పక్కింటి ఒబ్దూలియా ఓసారి మొహం మీదే అనేసింది. "ఎలియేసెర్, కాల్సోన్ కితాదో చెబుతున్నా విను. నీ తొట్టి వెనిగర్ కంపు కొడుతోంది. ఆ ముక్కు పీల్చడానికా, అలంకారానికా?" ఇంట్లోంచి పొమ్మన్నాను. నీ మార్కులు రాగానే కాగితం తీసుకెళ్లి ఆవిడ ముందు ఆడించాను. ఆవిడ కాగితం చదివి మడిచి నా చేతికిచ్చేసింది. ఆవిడ చూపులోనే ఆ మార్కులు నిజం కావని నాకు తెలిసిపోయింది. అయినా బస్తాలు వెనక్కి తెచ్చుకోలేదు. నువ్వు చేసింది ఒక తప్పు, నేను ఆర్నెల్లుగా చేస్తున్నాను. నువ్వు నాకు తలవంపులు తేవడమేమిటి పిచ్చిదానా?

నిన్న వెళ్లి ఆవిడకు క్షమాపణ చెప్పుకున్నాను. పాతవాళ్ల పద్ధతొకటి నేర్పింది. తొట్టిలో గింజల్లోకి కర్ర గుచ్చి తీశాక, పడిన గుంట పూడకుండా నిలబడితే పులిసింది చాలని కడిగేయవచ్చట. ముక్కుతో పని లేదు. అరవై రెండేళ్లొచ్చి ఇప్పుడు నేర్చుకుంటున్నాను.

సోమవారం తెల్లవారుజాము జీపుకే కొండ దిగుతున్నాను. నా బస్తాలు నేనే తీసేసుకుంటాను. నువ్వు నీ సంగతి చెప్పు, పక్కనే నిలబడి నా సంగతి నేను చెబుతాను. నీ ఉద్యోగం మాట ఆ తర్వాత చూసుకుందాం.

ఇంత రాశాను కానీ నోటితో చెప్పగలనని నమ్మకం లేదు. అందుకే ఈ ఉత్తరం టపాలో వెయ్యడం లేదు. నా చేత్తోనే ఇస్తాను. నువ్వు చదువుతున్నంతసేపూ ఎదురుగానే కూర్చుని ఉంటాను. ఇప్పుడు నీ ముందున్న కాఫీ నేను పోసిందే. తాగి ఎలా ఉందో చెప్పు తల్లీ, ఉన్నదున్నట్టు.

మీ నాన్న,
ఎలియేసెర్