నీళ్ళ డ్రమ్ములు కావన్నా!

తిరుచానూరు

అన్న మునిరామయ్యకు చెల్లెలు పంకజాక్షి నమస్కారాలు.

నీ కంటి ఆపరేషను బాగా జరిగిందని వదిన చెప్పింది. రెండో కన్ను కూడా అయ్యేదాకా నువ్వు చదవకూడదు, రాయకూడదు, ఫోను ముట్టుకోకూడదు అన్నాడట డాక్టరు. ఫోను చెవికి పెట్టుకుంటే కంటికేమవుతుందో నాకర్థం కాలేదు. సరే, డాక్టరుతో వాదన మనకెందుకని ఉత్తరం రాస్తున్నాను. వదిన చదివి వినిపిస్తుంది కదా.

విషయం ఏమిటంటే, నేను డ్రమ్ములు నేర్చుకుంటున్నాను.

పోయిన నెల మా ఆఫీసులో ఒకాయన రిటైరయితే పార్టీ చేశారు. కుర్చీలన్నీ నిండిపోయాయి. పాటలవాళ్ళ దగ్గర ఒక్క స్టూలు ఖాళీగా ఉంటే పోయి కూర్చున్నాను. అది డ్రమ్ములాయన స్టూలు. కాలు సర్దుకోబోతే కింద ఏదో తగిలి 'ధడ్' మంది. హాలంతా తిరిగి చూసింది. యాభై మూడేళ్ళ సూపరింటెండెంటును, సిగ్గుతో చచ్చిపోవాల్సింది. కానీ అన్నా, ఎందుకో ఇంకోసారి తన్నాలనిపించింది. తన్నాను.

ఆ బ్యాండు ఇమ్మానుయేల్ గారిది. రైల్వేలో రిటైరయ్యారు, చర్చిలో వాయిస్తారు. పక్కరోజే ఆయన దగ్గర చేరాను. "నాలుగు లెక్కపెట్టేలోపే ఐదో దెబ్బ కొట్టేస్తా ఉండారే మేడం, యాడికి పోవాల మీరు?" అంటారు రోజూ.

మా ఆయన పోయిన ఈ నాలుగేళ్ళలో మా ఇంట్లో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. ఇప్పుడు ఉంది. నీకు చెప్పకుండా చేయడం ఇష్టం లేక రాస్తున్నాను. కోప్పడకు.

నీ చెల్లెలు,
పంకజాక్షి

తా.క. ఇంట్లో దిండు మీద సాధన చేస్తున్నాను. కింద పూలమ్మే గంగులమ్మ పైకొచ్చి, "ఏందమ్మా, దూది ఏకతా ఉండారా?" అని అడిగింది.

*

చిత్తూరు

చిరంజీవి పంకజాక్షికి అన్న మునిరామయ్య ఆశీస్సులు. నేను చెబుతుంటే మీ వదిన కోమలి రాస్తోంది.

నీ ఉత్తరం అందింది. డ్రమ్ములు కావాలంటే అన్న లేడా? పోయి పోయి ఎవరో రైల్వే ఆయన దగ్గర పాతవి తీసుకోవడమేమిటి? అందులో ఏమేమి పోసి ఉంచారో ఎవరికి తెలుసు! ఎండాకాలం తిరుచానూరులో నీళ్ళకు కష్టమని నాకు తెలియదా? మామిడికాయల మండీ పక్కనే డ్రమ్ముల అంగడి ఉంది. నీలంరంగువి రెండు, మూతలతో సహా, ఈరోజే బస్సులో వేయించాను. దించుకో. కుళాయి కూడా బిగించి ఇచ్చాడు.

ఇలాంటి చిన్నచిన్న వాటికి భయపడుతూ రాయకు. నీళ్ళు పట్టి పెట్టుకోవడం తప్పా?

ఆశీస్సులతో,
మునిరామయ్య

తా.క. ఇది వదిన రాస్తున్నది. పంకజా, నీ ఉత్తరం అక్షరం వదలకుండా చదివి వినిపించాను. మీ అన్నకు చాలా సంతోషం కలిగింది.

*

తిరుచానూరు

అన్నకు నమస్కారాలు.

బస్సు కండక్టరు రెండు నీలం డ్రమ్ములు దించి, "హోటలు పెడతా ఉండారా మేడం?" అన్నాడు. ఆటోలో ఒకటే పట్టింది. రెండోది పట్టుకుని గంగులమ్మ బస్టాండులో కూర్చుంది, నేను మళ్ళీ వచ్చేదాకా. దాని మీద పూలబుట్ట పెట్టి వ్యాపారం కూడా చేసుకుంది.

అన్నా, నేను చెప్పింది నీళ్ళ డ్రమ్ములు కాదు. వాయించే డ్రమ్ములు. పాటకు తాళం వేసేవి. వదినా, ఈసారి నెమ్మదిగా చదువు తల్లీ.

నేర్చుకోవడం అనుకున్నంత సులువు కాదు. రెండు చేతులూ రెండు కాళ్ళూ దేని పని అది చేయాలి. నా కుడికాలు నా మాట వినడం లేదు. ఎడమచెయ్యి ఎటు పోతుందో దానికే తెలియదు. ఒకటి కదిలిస్తే ఇంకోటి ఆగిపోతుంది. "మేడం, మీ కాలూ చెయ్యీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవా, గొడవా?" అంటారు మాస్టారు. కానీ నిన్న ఒక పాట మొదటినుంచి చివరిదాకా తాళం తప్పకుండా కొట్టాను. పాట అయిపోయాక కూడా నేను ఆపలేదనుకో, అది వేరే విషయం.

ఆఫీసులో కూడా బల్ల మీద వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. సంతకాల కోసం వచ్చినవాళ్ళు నాకు కోపం వచ్చిందనుకుని బయటే నిలబడిపోతున్నారు.

చెల్లెలు,
పంకజాక్షి

తా.క. నీళ్ళ డ్రమ్ములు బాగున్నాయి. ఒకదాన్ని కొట్టి చూశాను. శ్రుతి కుదరలేదు.

*

చిత్తూరు

పంకజాక్షికి అన్న మునిరామయ్య కంగారుపడుతూ రాయించేది.

ఎంత మాట రాశావమ్మా! కుడికాలు వినడం లేదా? ఎడమచెయ్యి ఎటు పోతుందో తెలియడం లేదా? ఇది ఎన్నాళ్ళ నుంచి? మూతి సరిగ్గా ఉందా? అద్దంలో చూసుకో. ఆ బరువు డ్రమ్ములు నువ్వే మోసి ఉంటావు. తప్పు నాదే.

పలమనేరు వైపు ఒక వైద్యుడి దగ్గరి నుంచి తైలం తెప్పించి పంపుతున్నాను. పొద్దున, సాయంత్రం రుద్దించుకో. గంగులమ్మను సాయం అడుగు. మజ్జిగ తాగకు, వంకాయ ముట్టుకోకు. ఆఫీసుకు సెలవు పెట్టు. నా కన్నే బాగుంటే ఈపాటికి నీ వాకిట్లో ఉండేవాణ్ణి. మీ వదిన చూడు, నాకు ఇంత భయంగా ఉంటే పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ఏడుపు ఆపుకుంటోంది పాపం.

ధైర్యంగా ఉండు,
మునిరామయ్య

తా.క. వదిన రాస్తున్నది. ఈసారి ఇంకా నెమ్మదిగా చదివాను. తైలం మోకాళ్ళకు మంచిదే, పారేయకు. ఆ వాసనకు చుట్టుపక్కలవాళ్ళు కిటికీలు మూసుకుంటారు. నువ్వు ఇంట్లో ఎంత చప్పుడు చేసుకున్నా అడిగేవాళ్ళు ఉండరు.

*

తిరుచానూరు

అన్నా,

నాకు పక్షవాతం రాలేదు. మూతి ఎప్పటిలాగే ఉంది. తైలం మూత తీయగానే గంగులమ్మ పూలన్నీ ఎత్తుకుని వీధి చివరికి పోయింది.

నీకు ఎలా చెబితే అర్థమవుతుందో తెలియక ఈసారి సూటిగా రాస్తున్నాను. మా ఆఫీసు అమర్‌నాథ్ గారి అమ్మాయి ఐశ్వర్య పెళ్ళి రిసెప్షను వచ్చే నెల మొదటి ఆదివారం, ఇక్కడే కల్యాణమండపంలో. ఇమ్మానుయేల్ మాస్టారి బ్యాండు పాటలు. డ్రమ్ములు వాయించే అతను దుబాయ్ వెళ్ళిపోయాడు. మూడు పాటలకు నన్ను కూర్చోమన్నారు. "నాకు చేతకాదు మాస్టారూ" అన్నాను. "చేతనైనోళ్ళు దుబాయ్ పోయినారు మేడం. మీరుండారు" అన్నారు.

ఒప్పుకున్నాను. భయంగా ఉంది. నువ్వూ వదినా వచ్చి ముందు వరసలో కూర్చుంటే బాగుండుననిపిస్తోంది. నువ్వు రావని తెలుసు, అయినా పిలుస్తున్నాను.

పంకజాక్షి

తా.క. తైలం పనిచేసిందో ఏమో, కుడికాలు నిన్నటి నుంచి మాట వింటోంది.

*

చిత్తూరు

పంకజాక్షికి,

ఆశీస్సులు తరవాత. ముందు ఇది విను.

బ్యాండా? పెళ్ళి ఊరేగింపులో ఎర్రకోటు, జలతారు టోపీ వేసుకుని డోలు తగిలించుకుని నడుస్తావా? మన తిరుచానూరు వీధుల్లో? నాయన ఉండి ఉంటే ఏమయ్యేది? నీ జీతం చాలకపోతే చెప్పాలి గానీ ఇదేం పని?

రెండో కంటికీ ఆపరేషను అయింది, ఆ ఆదివారం నాటికి నా కట్టు విప్పేస్తారు. మీ వదినను తోడు తీసుకుని వస్తాను. నిన్ను ఆ మేళంలోంచి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొస్తాను. పెళ్ళివాళ్ళు ఏమనుకున్నా సరే. నలుగురిలో అంతదాకా తెచ్చుకోకు.

మునిరామయ్య

తా.క. వదిన రాస్తున్నది. ఆయన చెప్పిన తిట్లలో సగం రాయలేదు. కాగితం చాల్లేదు. నువ్వు మాత్రం సాధన మానకు.

*

తిరుచానూరు

అన్నకు,

ఎర్రకోటు లేదు. అమ్మ ఇచ్చిన ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంటాను. కానీ ఎర్రకోటే వేసుకోమన్నా వేసుకుని వాయిస్తాను.

నువ్వు చెప్పినవన్నీ ఇన్నాళ్ళూ విన్నాను. ఇది ఒక్కటి వినను. రా. వచ్చి కోప్పడు. కానీ మూడు పాటలూ అయ్యాక కోప్పడు.

పంకజాక్షి

*

చిత్తూరు

పంకజానికి వదిన కోమలి ముద్దులతో రాయునది. ఈసారి ఎవరూ చెప్పి రాయించడం లేదు.

నిన్న స్టేజీ మీద నువ్వు మాటిమాటికీ గుమ్మం వైపు చూడటం చూశాను. అన్న రాలేదని బాధపడి ఉంటావు. మేము వచ్చాం. మొదటినుంచి చెబుతాను, తిట్టకుండా విను.

పోయినేడు నువ్వు స్కూటీ నేర్చుకుంటానంటే మీ అన్న ఏం చేశాడు? బస్సెక్కి వచ్చి, దాని తాళంచెవి జేబులో వేసుకుని చిత్తూరు వచ్చేశాడు. ఇప్పుడు డ్రమ్ములంటే ఊరుకుంటాడా? నీ మొదటి ఉత్తరం నేను ముందు ఒక్కదాన్నే చదువుకున్నాను. నాలుగేళ్ళుగా నీ నోట "బాగుండాను వదినా" తప్ప ఇంకో మాట విన్నది లేదు. ఇంకోసారి తన్నాలనిపించి తన్నాను అని రాశావు చూడు, అక్కడ గట్టిగా నవ్వాను. ఇది ఆయన చేతిలో పడకూడదనుకున్నాను.

అందుకే "డ్రమ్ములు తీసుకుంటున్నాను" అని చదివాను. రెండో ఉత్తరంలో కాలూ చెయ్యీ సంగతి మాత్రం చదివి మిగతాది మింగేశాను. ఆయన కంగారు చూసి నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఫోను సంగతి కూడా డాక్టరు చెప్పలేదు, నేనే చెప్పాను. మూడో ఉత్తరం కూడా గట్టెక్కించేదాన్నే, ఆయన్ను చూడటానికి వచ్చిన మండీ ఏకాంబరం నా వెనక నిలబడి తొంగిచూసి "ఏందిన్నా, మీ చెల్లెలు బ్యాండులో చేరిందంట!" అని అరిచాడు. ఇక ఎర్రకోటు మేళమని ఆయన అనుకుంటుంటే నేను కాదనలేదు. ఎర్రకోట్ల కోసమే వెతుకుతాడని. ఎర్రకోటు లేదన్న నీ చివరి ఉత్తరం ఆయనకు చదివి వినిపించనే లేదు.

నిన్న మీ మండపం వీధిలోనే ఇంకో పెళ్ళి ఊరేగింపు. ఎర్రకోట్ల మేళం. నల్లకళ్ళద్దాలతో మీ అన్న ఒక్కొక్కరి మొహంలో మొహం పెట్టి చూశాడు. బాకా ఊదేవాణ్ణి కూడా వదల్లేదు. "లేదే! మన మాట విని మానుకుండాది" అని ఎంత సంబరపడ్డాడో! ఆ ఊరేగింపు దగ్గరే పూలమ్ముతున్న గంగులమ్మ దగ్గర నాకు మల్లెపూలు కొనిచ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అడగకుండా కొన్నది ఇదే. నీ ఇంటికి వచ్చి మెచ్చుకుని పోదామని బయల్దేరాడు.

మీ మండపం ముందుకు రాగానే ఆగిపోయాడు. "ఎవురో గానీ బలే కొడతా ఉండాడే! సూసి పోదాం రా" అని తనే లోపలికి నడిచాడు. చివరి వరసలో కూర్చున్నాం. అంత దూరం ఆ కళ్ళకు ఆనలేదు. మూడు పాటలూ విన్నాడు. తొడ మీద తాళం వేశాడు. రెండో పాటలో నువ్వు తడబడ్డావు. పక్కనున్న పెద్దమనిషి ఏదో అనబోతే, "కొత్తోడప్పా, నేర్సుకుంటా ఉండాడు, ఉండు" అని ఆయన మీద లేచాడు. చివర్లో ఈల కూడా వేయబోయాడు, కట్టుడుపళ్ళు అడ్డమొచ్చాయి. అప్పుడు నిజం చెబితే ఆ హాల్లోనే ఏమంటాడోనని, కన్ను నొప్పి చేస్తుందని భయపెట్టి బస్సెక్కించాను.

చంద్రగిరి దాటాక చెప్పాను. అన్నీ. నేను తప్పుగా చదివినవి కూడా.

పూతలపట్టు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మీ వదినకు ఆ రోజుతో పుట్టింటి దారే అనుకున్నాను. చివరికి నా వైపు తిరిగి, "రెండో పాటలో యాల తడబడింది ఆ పిల్ల? బయపడిందా?" అని అడిగాడు.

"మీ కోసం గుమ్మం వైపు సూస్తా ఉండె" అన్నాను.

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆపరేషను చేసిన కన్ను, నీళ్ళు కారుతాయని డాక్టరు నిజంగానే చెప్పాడులే.

మీ వదిన,
కోమలి

తా.క. పంకజా. ఇది నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. ఎవరో అబ్బాయనుకుని మెచ్చుకున్నాను. అన్న మాట వెనక్కి తీసుకోలేను. కానీ నాకు ఎదురు చెప్పినందుకు తిట్టాల్సింది ఉంది. ఆదివారం వస్తాను. నేను తిట్టేంతసేపూ నువ్వు వాయిస్తూనే ఉండు. ఒక్క తిట్టు కూడా నీకు వినపడకుండా గట్టిగా వాయించు.
మునిరామయ్య