బారకాసులో గృహప్రతిష్ఠ

ఆదివారం రాత్రి, గుంటూరు

అన్నయ్య కొత్త ఫ్లాట్‌లో ఈరోజు గృహప్రతిష్ఠ ప్రార్థన జరిగింది. తెల్లవాళ్ళు సిపాయిల కోసం కట్టిన బారకాసునే ఫ్లాట్లుగా మార్చారు. నాన్న కానిస్టేబుల్‌గా ఉన్న రోజుల్లో అందులోనే, ఇప్పుడు అన్నయ్య హాలున్న చోటే, పక్క కుటుంబానికీ మాకూ మధ్య పాతచీర అడ్డం కట్టుకుని బతికాం. ఇప్పుడు నిండా ఏసీలు, అద్దాల తలుపులు. పాత ఇటుకలు కనబడాలని ఒక గోడకు సున్నం గీకేసి వదిలారు.

ఆ గోడ చూపిస్తూ అన్నయ్య వచ్చినవాళ్ళందరితో, "ఇంగ్లీషు ఆఫీసర్ల బంగళా అండి ఇది" అంటున్నాడు.

పాస్టర్ గారు అమ్మను అడిగారు. "మీరు గుంటూరు వాళ్ళే కదమ్మా, ఇదివరకు ఇటు వచ్చారా?"

అమ్మ నిజం చెబుతుందనుకున్నాను. అన్నయ్య మొహంలోకి చూసి, "లేదండి, ఇదే రావడం" అంది.

వంటగదిలోకి వెళ్ళగానే నిలదీశాను. "అలా ఎందుకన్నావమ్మా?"

"వాడి అత్తారివాళ్ళంతా ఉన్నారే. వాడి పరువేం కాను?"

"మరి నాన్న?"

"పోయినాయనకి పరువుతో పనేముంది? ఆ ప్లేట్లందుకో."

కోపం దిగమింగి అందుకున్నాను. అందరికీ బిర్యానీ వడ్డించాను. వదిన వాళ్ళమ్మ సోఫాలో కూర్చుని తింటూ, "మీ నాన్నగారు ఎక్కడ పోయారమ్మా, ఇంట్లోనేనా?" అని అడిగింది.

"ఆసుపత్రిలోనండి" అన్నాను.

ఆవిడ కూర్చున్న చోటే నాన్న నులకమంచం ఉండేది. దాని మీదే, అమ్మ చేయి పట్టుకుని పోయాడు.