రెండో టార్చి

అండమాన్, ఆదివారం

బాపూ, నేను క్షేమం. దీవిలో ఫోను అందడం లేదు, అందుకే ఈ కార్డు.

సముద్రంలో లోతుకు దిగే చదువుకని సామాను కొంటుంటే, "అన్నీ రెండేసి కొనుడేంది బిడ్డా? దుకాణపోడు నిన్ను ముంచుతుండు" అన్నావు గదా. ఎందుకో నిన్న తెలిసింది. నలభై మీటర్లు, అంటే మన బావులు నాలుగు ఒకదానిమీద ఒకటి పెట్టినంత లోతు. అడుగుకు చేరామో లేదో నా రెండో టార్చి ఆరిపోయింది. మొదటిది బాగానే వెలుగుతోంది. అయినా అదీ ఆరితే చీకటేనని నా జోడీ ప్రసూన బొటనవేలు పైకెత్తింది, అంటే పైకి పోదామని. ఒకరు వద్దంటే ఇద్దరూ పైకి రావాల్సిందే, ఎందుకని అడగకూడదు. ఏడాదిన్నర జీతం, సెలవులన్నీ పోసి నేర్చుకున్నది ఇదే. ఒక్కసారిగా పైకొస్తే ప్రాణానికే ముప్పు, మధ్యమధ్య ఆగాలి. ఆగినప్పుడల్లా నువ్వే గుర్తొచ్చావు.

నాకు ఈత నేర్పేటప్పుడు నడుముకు తాడు కట్టి, "దుంకు బిడ్డా, నేను పట్టుకున్న" అనేవాడివి. మోటారు పైపు అడుగునుండే ఫుట్‌వాల్వ్‌లో చెత్త ఇరికితే మాత్రం నువ్వొక్కడివే బావిలో మునుగుతావు. గట్టుమీద ఎవరూ ఉండరు. ఇకనుంచి తాడు కొండల్ చిన్నాయిన చేతికిచ్చి దిగు. ఎవరన్నా నవ్వితే నవ్వనీ.

మిర్చికి మందు కొట్టారా? అవ్వ మోకాలు చూపించుకోడానికి చిట్యాల దవాఖానకు పోయిందా? ఆమెకు నా దండాలు.

నా దగ్గర అన్నీ రెండేసి ఉన్నాయి. బాపు ఒక్కడే.

నీ బిడ్డ,
తనూజ