కామస్ బాన్ తీరాన ఇనుప దూలం వద్దని మనవి

రోడ్లు, పార్కింగ్ విభాగపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కామస్ బాన్ సముద్రతీరపు పార్కింగ్ స్థలానికి అడ్డంగా ఇనుప దూలం బిగించి, ఎత్తయిన బండ్లను లోపలికి రానివ్వరాదన్న తమ ప్రకటనను రద్దు చేయుట గురించి.

డ్రైవింగ్ పరీక్షాధికారిగా పనిచేసి రిటైరైన హెక్టర్ గిలాండర్స్ అను నేను సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. తమ ప్రకటనతో పాటు అచ్చువేసిన ఫొటోలో, తీరపు పచ్చికలో ఇరుసు దాకా దిగబడిన మోటార్‌హోమ్ నాది. దాని పక్కన గళ్ల పైజమాతో, ఒంటికాలికి బూటుతో నిలబడిన ఆసామీని నేనే. "గుర్తుతెలియని పర్యాటకుడు" అని కింద రాయించారు. ఆ మాట దిద్దించవలసిందిగా నా భార్య ఇష్బెల్ కోరుచున్నది. బంధువులందరూ గుర్తుపట్టారట.

2. వంట, పడక, మరుగుదొడ్డి అన్నీ చక్రాల మీదే ఉండే ఈ బండిని రిటైరయ్యాక మోజుపడి కొన్నాను. ఆరుబయట రాత్రి బస చేసేవారు పాటించవలసిన మర్యాదలన్నీ కంఠతా పట్టాను. పొద్దు వాలాక రావాలి, పొద్దున్నే పోవాలి. కుర్చీలు పరిచి కాపురం పెట్టకూడదు. నిప్పు రాజేయకూడదు. మరుగుదొడ్డి డబ్బా గడ్డిలో ఒంపకూడదు. ఎవరి చెత్త వారే మోసుకుపోవాలి. ఇవన్నీ దారి పొడవునా ఇష్బెల్‌కు అప్పజెప్పాను. తీరా చేరాక, పార్కింగులోంచి సముద్రం సగమే కనబడుతున్నదని బండిని పచ్చిక మీదికి ఎక్కించాను. నేల మెత్తగా ఉన్నట్టుందని ఇష్బెల్ అన్నది. జిల్లా మొత్తానికి డ్రైవింగ్ పరీక్ష పెట్టినవాడికి నేల సంగతి చెప్పనక్కరలేదన్నాను. తెల్లవారేసరికి ముందు చక్రాలు కనబడలేదు.

3. ఆ పచ్చికలో గొర్రెలు మేపుకునే ఎఫీ మెక్‌ఫెయిల్ ట్రాక్టరేసుకుని వచ్చింది. అవి గొర్రెలు ఈనే రోజులు. నా బండికి బెదిరి కొండెక్కిన చూడి గొర్రెలను దింపుకుని మరీ వచ్చింది. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి గుర్తుపట్టింది. డ్రైవింగ్ పరీక్షలో ఆమెను మళ్లీ మళ్లీ ఫెయిల్ చేసినవాణ్ణి నేనేనట.

"ఎక్కించేముందు అద్దం చూసుకున్నారా సారూ?" అని అడిగింది.

లేదన్నాను.

"నాకు దానికే మార్కులు కోశారు. సరే, స్టీరింగ్ ముందు కూర్చోండి. నేను చెయ్యెత్తితేనే కదపండి. మీ అంతట మీరు ఆలోచించకండి."

నేను ఆలోచించాను. గొలుసుతో పాటు నా బంపర్ ఒక్కటే ఆమె వెంట పోయింది. బండి రెండో లాగుడుకు బయటపడింది. ఈ రెండు లాగుళ్ల మధ్య ఎవరో ఫొటో తీశారు.

4. పైవన్నీ నా పరువుకు సంబంధించినవి. వాటిపై నాకు ఫిర్యాదు లేదు, పరువూ లేదు. అసలు ఫిర్యాదు ఇది. తమ ప్రకటన వెలువడగానే క్షమాపణ చెప్పుకుందామని ఎఫీ ఇంటికి వెళ్లాము. నవ్వించడానికి దారిలో గొర్రెల మీద ఒక హాస్యం కూడా తయారుచేసుకున్నాను. ఆమె బంగాళదుంపల తొక్క తీస్తూ, మాకు టీ, ఓట్స్ రొట్టె చూపించి, మామూలుగా చెప్పుకొచ్చింది. ఆడవాళ్లకు రొమ్ము పరీక్ష చేసే పెద్ద వ్యాను వచ్చినప్పుడల్లా ఆ పార్కింగులోనే ఆగుతుందట. ఊళ్లో అంత చదును ఇంకెక్కడా లేదు. దూలం బిగిస్తే వ్యాను దాని కింద పట్టదు.

"పోయినసారి నా గడ్డ బయటపడింది ఆ వ్యానులోనే సారూ. గొర్రెల్నొదిలి పట్నం దాకా పోయి చూపించుకునేదాన్నా? నొప్పే లేదాయె, ఎందుకు పోతాను?" అన్నది.

నా హాస్యం నా దగ్గరే ఉండిపోయింది. ఇంటికి రాగానే ఇష్బెల్ కాగితం, కలం నా ముందు పెట్టింది.

5. కావున తాము దయతలచి దూలం ఆలోచన మానుకొనవలెను. పచ్చిక అంచున రాళ్లు పాతించండి, నాబోటివారికి అవి చాలును. మరుగుదొడ్డి డబ్బాలు ఖాళీ చేసుకునే చోటు, ఒక నీళ్ల కుళాయి ఇప్పించండి. వేసవి పొడుగునా నేనే అక్కడ నిలబడి, వచ్చేవారికి మర్యాదలు బోధిస్తాను. నేను నిలబడితే ఇక ఏ దూలమూ అక్కరలేదని, ఎవరూ ఆ దరిదాపులకు రారని ఇష్బెల్ అభిప్రాయం.

ఒక తెలివితక్కువవాడి చక్రాలు దిగబడినందుకు ఊరి ఆడవాళ్లకు శిక్ష పడరాదని వేడుకొనుచు, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
హెక్టర్ గిలాండర్స్

తా.క. ఈ అర్జీ మీద ఊరివాళ్ల సంతకాలు తీసుకుందామని ఈ ఉదయం కామస్ బాన్ వచ్చి, ఈసారి పార్కింగులోనే, గీతల మధ్యనే బండి నిలిపాము. ఇష్బెల్ ఊళ్లోకి వెళ్లింది. నేను కిటికీ తెర వేసుకుని శుభ్రప్రతి రాస్తుండగా బయట సుత్తి చప్పుళ్లు వినబడ్డాయి. ఎవరో తలుపు కూడా తట్టారు. అయిదో అంశంలో ఉన్నాను, కాస్త ఆగమన్నాను. వినబడినట్టు లేదు. బయటికొచ్చి చూద్దును గదా, మీ మనుషులు చెప్పిన తేదీకి ముందే దూలం బిగించి వెళ్లిపోయారు. నా బండి దానికన్నా ఎత్తు. రాత్రి బస నిషేధమన్న కొత్త బోర్డు సరిగ్గా నా కిటికీకి ఎదురుగా ఉన్నది.

ఎఫీ వచ్చి దూలాన్నీ బండినీ మార్చి మార్చి చూసి, "తొందరేం లేదు సారూ. మిమ్మల్ని బయటికి తియ్యాలంటే వాళ్లు దూలం తియ్యాల్సిందేగా" అని, ఒక గిన్నెడు సూప్ ఇచ్చి వెళ్లింది. ఊళ్లో ఆడవాళ్లు భోజనాలకు వంతులు వేసుకుంటున్నారట.

కావున మేము కదలలేమని తమకు తెలియజేసుకుంటున్నాను. కదలము అని రాయమంటున్నది ఇష్బెల్.