గడీలో మగ్గం వేయను

సర్వధారి, మార్గశిరం, శుక్రవారం

దొర గుమాస్తా ఈ రోజు మా గొంగళ్ల కొట్టానికి వచ్చాడు. యూనియన్ మిలిటరీ దిగాక పట్నం నుంచి తిరిగొచ్చిన దొర, నా ఆరు మగ్గాలనూ తన గడీ కోటలోకి మార్చమంటున్నాడట. మిలిటరీ క్యాంపుకు కావలసిన గొంగళ్లన్నీ మేమే నేయాలట. లాభంలో సగం నాకట.

“దొర మునుపటి లెక్క కాదవ్వా. ఖద్దరు టోపీ పెట్టిండు,” అన్నాడు.

“టోపీ కొత్తదే బిడ్డా. కింద తలకాయ పాతదే గద!”

నేసేవాళ్లంతా నవ్వారు. మల్లమ్మ మాత్రం రాట్నం ఆపి, “అవ్వా, మల్ల గడీల కూసొని వడకాల్నా?” అంది. ఆమె తల్లి ఆ గడీలో వెట్టికి ఉన్ని వడికి వడికి, తను కప్పుకోను ఒక్క గొంగడైనా లేకుండానే పోయింది. ఆ గతి ఇంకొకరికి వద్దనే కదా, దొరలను తరిమిన సంఘం వచ్చి వెట్టి ఆగిన ఏడాది నా కడియాలు అమ్మి ఈ మగ్గాలు వేశాను. లాభమే కావాలనుకుంటే సారా దుకాణం పెట్టేదాన్ని.

“రానని చెప్పు మీ దొరకు,” అన్నాను.

గుమాస్తా గొంతు తగ్గించాడు. “మిలిటరీ ఎతుకుతున్న సంఘపోళ్లకు గొంగళ్లు ఇచ్చినవని క్యాంపు సాబుకు చెప్తే?”

“పైసలిచ్చినోళ్లందరికి అమ్మిన. మీ దొరొక్కడే ఎన్నడూ పైస ఇయ్యలే.”

అన్నానే గాని, గుమాస్తా బెదిరింపు సంగతి విని నా కొడుకు రాఘవ రాత్రి సగం అన్నంలోనే లేచిపోయాడు. రేపు వాణ్ణి క్యాంపుకు పట్టుకుపోతే... వద్దు, అది రాయను.

సాబు వస్తే రానీ. కూర్చోవడానికి కొత్త గొంగడే పరుస్తాను. లేచి పోతూ చంకన పెట్టుకుంటే మాత్రం ధర చెబుతాను.