రిటైర్డ్ మేట్రన్ మౌనవ్రతం

9 జూన్, సోమవారం. పాలా, కేరళ. ఉదయం 5.00.
మనవరాలు జిస్మి కొచ్చిలో కంప్యూటర్ ఉద్యోగం మానేసి, ఇరవై ఏడో ఏట ఇక్కడే నర్సింగ్‌లో చేరి నెలయింది. నేను ముప్పై ఆరేళ్ళు నర్సుని, అందులో పద్నాలుగేళ్ళు మేట్రన్‌ని. సంతోషించాను. ఆ సంతోషంలో కొన్ని సూచనలు చేశాను. నిన్న ఏడ్చింది.
"అమ్మచ్చీ, నెలాఖరులోగా వస్తే మళ్ళీ తీసుకుంటానన్నాడు పాత మేనేజరు. మీరు ఇంకోసారి తప్పు పట్టారో, వెళ్ళిపోతానంతే!"
నిర్ణయం: నెలాఖరుదాకా, అంటే 22 రోజులు, ఆమె పనిమీద ఒక్క మాట అనను. వార్డులో నలభై మంది నోళ్ళు మూయించినదాన్ని, నా ఒక్క నోరు మూయలేనా!

10 జూన్.
అద్భుతం! మాటలు: 0. జిస్మి మా ఆయన మంచంమీద దుప్పటి పరవడం సాధన చేసింది. మూలలు చూస్తే కుక్క పడుకుని లేచినట్టున్నాయి. నేను కిటికీలోంచి వాన చూశాను. 25 నిమిషాలు.

12 జూన్.
మాటలు: 0. నిట్టూర్పులు: 9. నిట్టూర్పు మాట కాదు.
మా ఆయన కురియన్: "ఏలీ, నువ్వు మాట్లాడేటప్పుడే నయం. కాస్త భయం తక్కువగా ఉండేది."

15 జూన్, ఆదివారం.
చర్చినుంచి రాగానే ఆ దుప్పటి విప్పి, మూలలు నేనే మళ్ళీ మడిచాను. ఎవరూ చూడలేదు. పక్క సర్దడం ఇంటిపని. వృత్తితో సంబంధం లేదు.

18 జూన్.
ఫ్రిజ్‌మీద చీటీ అంటించాను: "చేతులు కడుక్కోవడమంటే తడుపుకోవడం కాదు." రాయడం మాట్లాడటం కాదు.
జిస్మి కింద రాసింది: "ఇది ఎవరికి?"
నేను రాశాను: "లోకానికి."

21 జూన్.
కురియన్‌కు దగ్గు. ఈ సాయంత్రం నుంచి జిస్మి రోజుకు రెండుసార్లు ఆయన జ్వరం, నాడి, ఊపిరి ల్యాప్‌టాప్‌లో పట్టిక కడుతుందట. రంగులు కూడా వేసింది. ఊపిరి నిమిషానికి 18.

24 జూన్.
ఊపిరి: 18, 18, 18, 18, 18, 18, 18. గోడ గడియారం కూడా ఇంత నిలకడగా ఉండదు. మనిషివంక చూడకుండా రాసే ఇలాంటి అంకెలు నాకు కొత్త కాదు. అయినా ఏమీ అనలేదు. ఇంకా ఆరు రోజులే! నా మనోబలాన్ని నేనే మెచ్చుకున్నాను.

25 జూన్. మధ్యాహ్నం 2.10.
కురియన్ గంజి సగంలో ఆపేశారు. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటున్నారు. నిండు నిమిషం లెక్కపెట్టాను. 30! పట్టికలో 18.
2.12. అరిచాను. ఎదురింటి రబ్బరుతోటలో పనివాళ్ళు పని ఆపారు.
"ఈ ఊపిరి ఎవరిదే? మీ అప్పచ్చన్‌దా, నీ ల్యాప్‌టాప్‌దా?"
"మొదటిసారి లెక్కపెట్టాను అమ్మచ్చీ. తర్వాత... అదే అంకె కిందికి లాగేశాను. మారదనుకున్నా."
"మారనిదాన్ని రోజుకు రెండుసార్లు చూడటమెందుకు? వినోదానికా?"
5.00. నిమోనియా. ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఇంకో రోజు ఆగితే కష్టమయ్యేదన్నారు డాక్టరు. లెక్కపెట్టనిది ఆమె తప్పు. నిన్ననే అనుమానం వచ్చినా, నా 22 రోజులు చెడకూడదని నోరు మూసుకున్న మేట్రన్‌ది అంతకంటే పెద్ద తప్పు. ఈ ముక్క జిస్మికి కూడా చెప్పాను.

28 జూన్.
కురియన్ ఇంటికొచ్చారు. జిస్మి పెట్టె సర్దుతోంది. నేను పల్లెత్తు మాట అనలేదు. ఈసారి నిర్ణయంకోసం కాదు. భయంవల్ల.

30 జూన్. సాయంత్రం 4.00.
నా ఎదుటే మేనేజరుకు ఫోన్ చేసింది. "రాను సార్. అక్కడ తప్పు చేస్తే వారం తర్వాత ఎవరో మెయిల్ పెడతారు. ఇక్కడ మా అమ్మచ్చి అప్పటికప్పుడే అరుస్తుంది. ఈ పనికి అరిచేవాళ్ళే ఉండాలి సార్."
"మరి ఆ పెట్టె?"
"కంప్యూటర్ పుస్తకాలు. అటకమీద పెడదామని."
కళ్ళు తుడుచుకున్నాను. ఉల్లిపాయలు తరిగి ఒక గంట అయింది. అయినా వాటివల్లే.

1 జూలై. ఉదయం 6.00.
కొత్త నిర్ణయం: ప్రాణంమీదికొస్తే తప్ప ఆమె పనిమీద ఒక్క మాట అనను.
6.20. ఏమీ అనకుండా కాఫీ ఇచ్చాను. "ఏంటమ్మచ్చీ, ఒంట్లో బాగాలేదా?" అంటూ చేతి వెనకవైపుతో నా నుదురు తాకి చూసింది. సరైన పద్ధతి. ఆ సంగతి చెప్పలేదు. మెప్పు కూడా మాటే.
6.21. ఆ చేతి గోళ్ళు పెరిగాయి. చెప్పేశాను.
6.22. కొత్త నిర్ణయం...