ఖరీదుకు ఇంకో మాట

వదినగారికి,

మీ తమ్ముడి చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది, ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. కళ్లజోళ్ల షాపులో ఈ పని మీరే ఇప్పించారు కనుక ఈ సంగతి మీకే రాస్తున్నాను.

పోయిన వారం ఒకాయన ఫ్రేము చూసి, "ఎక్స్‌పెన్సివ్ కదమ్మా?" అన్నారు. నాకు తెలిసిన నాలుగు ఇంగ్లీషు మాటల్లో అదొకటి. "అవునండీ, కింది అరలో ఇలాంటిదే సగం ధరకుంది" అని చెప్పాను. ఆయన వెళ్లాక యజమాని, "నువ్వు అమ్మడానికొచ్చావా, ఆపడానికొచ్చావా తల్లీ? ఎక్స్‌పెన్సివ్ అనకు, కాస్ట్‌లీ అనకు. ప్రీమియం అను. ఇంకోసారి నోరు జారితే ఇంటికి పంపించేస్తాను" అన్నారు. అంట్లు తోముతూ కూడా ఆ మాటే వల్లె వేశాను.

నిన్న ఒక పెద్దావిడ వచ్చింది. చూపు బాగా తగ్గింది, చేతిలోకి తీసుకున్న ఖరీదైన ఫ్రేము మీద ధర చీటీ చదవలేకపోయింది. "నీ మాట మీద కొంటానమ్మా. ఖరీదెక్కువ కాదుగా?" అని అడిగింది. యజమాని పక్కనే ఉన్నారు. "ప్రీమియం అండీ" అన్నాను. అదేదో మంచి మాటే అనుకుని నా తల నిమిరి, అడ్వాన్సు ఇచ్చి వెళ్లింది. ఇంటికొచ్చాక నాకు అన్నం సయించలేదు.

మీరు బడిలో ఇంగ్లీషు చెప్తారు కదా. అబద్ధం కాకుండా, ఉద్యోగం పోకుండా ఉండే మాట ఏదైనా ఉంటే రాయండి. ఆవిడ కళ్లజోడు కోసం శనివారం వస్తుంది. ఆలోగా మీ జవాబు రాకపోతే ఉన్న మాటే చెప్పేస్తాను. ఆ తర్వాతి సంగతి మాత్రం మీ తమ్ముడికి మీరే చెప్పాలి. నాకు నోరు రాదు.

మీ మరదలు